చూచుట వేఱు, దిద్దుట వేఱు

గడచిన సంవత్సరాంతమున జరిగిన తల్లిదండ్రుల సమావేశములో ఒక పెద్దమనిషి లేచి మమ్మొక ప్రశ్న యడిగెను. "మేష్టరుగారూ, మావాడు కంప్యూటరు తరగతిలో నల్లని తెరమీద తెల్లని అక్షరములు చదువుటయే గాని యేమియు వ్రాయుట లేదని చెప్పుచున్నాడు. బొమ్మలు లేవట, మౌసుతో పని లేదట. ఒక మీట నొక్కి ముందుకు పోవుట, మఱియొక మీట నొక్కి వెనుకకు వచ్చుట. చదువుకొనుటకు పుస్తకములున్నవి గదా, దీనికి కంప్యూటరేల?" సభలో కొందఱు నవ్విరి. మేమును నవ్వితిమి. కాని నవ్వు సమాధానము కానేరదు. ఆ దినమున వేళ మించిపోయినందున, ఆయన ప్రశ్నకు ఈ సంచికయందు ప్రత్యుత్తరము వ్రాయ బూనితిమి.

ఆ బాలుడు చెప్పినది నిజమే. తొమ్మిదవ తరగతివారికి తొలి యాఱు వారములు మేము నేర్పునది లెస్ అను ప్రోగ్రాము. లినక్సు నడచు యంత్రములలోను, ఆపిల్‌వారి మాక్ యంత్రములలోను ఇది సాధారణముగా ముందే యుండును. వెల యిచ్చి కొననక్కఱ లేదు. టెర్మినలు అను కిటికీని తెఱచి, లెస్ అని ఇంగ్లీషు అక్షరములతో కొట్టి, కొంచెము చోటు విడిచి, ఫైలు పేరు వ్రాసి ఎంటరు మీట నొక్కినచో, ఆ ఫైలులోని మొదటి పుట తెరనిండ వచ్చి నిలుచును. స్పేసు మీట నొక్కిన ముందరి పుట వచ్చును. బి నొక్కిన వెనుకటి పుట వచ్చును. చిన్న జి నొక్కిన మొదటికి, పెద్ద జి నొక్కిన చివరకు పోవచ్చును. క్యూ నొక్కిన బయటికి రావచ్చును. చూచుటకే యేర్పడిన సాధనమిది. ఎంతసేపు చదివినను, ఎన్నిమాఱులు పుటలు త్రిప్పినను, చదివినందువలన ఆ ఫైలులో ఒక పొల్లయినను మాఱదు. (ఇందుకొక చిన్న మినహాయింపు కలదు, దానిని దాచక ముందు చెప్పెదము.)

దీని పుట్టుపూర్వోత్తరములు కొంచెము చెప్పవలసియున్నది. యూనిక్సు అను వ్యవస్థ 1969వ సంవత్సరమున అమెరికాలోని బెల్ ప్రయోగశాలలయందు మొలకెత్తిన నాళ్లలో కంప్యూటరు మాటలు తెరమీద గాక కాగితముమీద వచ్చుచుండెడివి. టెలిటైపు అను యంత్రము సెకనుకు 10 అక్షరముల చొప్పున టకటక కొట్టుచుండగా, చదువువాడు తీఱికగా చదువుకొనెడివాడు. దాటిపోయిన మాట కావలసివచ్చినచో కాగితపు చుట్టను వెనుకకు లాగి చూచుకొనెడివాడు. పిమ్మట తెరలు వచ్చినవి. 24 పంక్తులు పట్టు తెరమీద వేయి పంక్తుల ఫైలును వదలినచో, 976 పంక్తులు కన్నుమూసి తెఱచునంతలో పైకి పోయి మాయమగును. మనుష్యునికి వేగము దొరకెను గాని వెనుకకు చూచు నవకాశము పోయెను. ఈ చిక్కు తీర్చుటకు 1978లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు విద్యార్థియగు డానియల్ హాల్‌బర్ట్ మోర్ అను ప్రోగ్రామును వ్రాసెను. అది ఒక తెరమేర చూపి నిలిచి, క్రింద "మోర్", అనగా "ఇంకను గలదు", అని చెప్పి, చదువరి మీట నొక్కువఱకు కాచుకొనియుండును. మేలైన పనియే. కాని అది తొలుత ముందుకు మాత్రమే నడచునది. మార్క్ నూడెల్‌మన్ అను నాతడు వెనుకకు కూడ నడువగల మోర్ కావలెనని కోరి, 1983 మొదలు 1985 వఱకు పాటుపడి లెస్‌ను వ్రాసెను. ఇంగ్లీషువారిలో "తక్కువయే ఎక్కువ" అను నర్థము గల నానుడి యొకటి యున్నది. ఆ నానుడిని పట్టుకొని, మోర్‌కు ప్రతిగా హాస్యమునకు లెస్ అని పేరు పెట్టిరి. మన పిల్లలకు ఇంగ్లీషు హాస్యము చెప్పిన గాని తెలియలేదు. అయినను "లెస్" అనగానే వెనుక బల్లనుండి ఒకడు "లెస్స" అని పూరించెను. కృష్ణదేవరాయలవారు ఆముక్తమాల్యదలో మన భాషను మెచ్చుకొన వాడిన మాటయే గదా యది. ఇంత చక్కని పేరు మనకొఱకు అమెరికాలో పెట్టియుంచిరని తరగతియంతయు సంతోషించినది.

ఇక మా తప్పు చెప్పవలెను. తప్పు చెప్పకయే పిల్లలకు పద్ధతి చెప్పుట న్యాయము కాదు.

కొన్ని యేండ్ల క్రిందట పదవ తరగతి పరీక్షకు పోవువారి పట్టిక సిద్ధపఱచు పని మాకు వచ్చెను. ఒక్కొక్క పంక్తిలో ఒక్కొక్క విద్యార్థి పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టినతేదీ. సాదా అక్షరముల ఫైలు. మేము ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదివిన కాలమున కంప్యూటరు మాకు దూరపు చుట్టమువంటిది. పిమ్మట ఒక మిత్రునివలన వీఐ అను దిద్దుబాటు ప్రోగ్రామును నేర్చుకొంటిమి. బిల్ జాయ్ 1976లో వ్రాసిన ఆ ప్రోగ్రాము మిక్కిలి చుఱుకైనది. అందు, వ్రాత మొదలుపెట్టుమని చెప్పనంతవఱకు ప్రతి మీటయు ఒక ఆజ్ఞయే. ఎక్స్ అను మీట నొక్కితిమా, గుఱుతు క్రిందనున్న అక్షరము ఎగిరిపోవును. పెద్ద జెడ్‌ను రెండుమాఱులు నొక్కితిమా, మాఱినదంతయు భద్రమై ఫైలు మూతపడును. మాకు తెలిసిన సాధన మదియొక్కటే గనుక చదువుటకును దానినే వాడుచుంటిమి.

ఒకనాటి యపరాహ్ణమున ఎవరిదో పుట్టినతేదీ అడుగగా ఆ పట్టికను వీఐలో తెఱచితిమి. అంతలో గంట మ్రోగెను. వాకిట పిల్లలు నిలిచిరి. వ్రేలు ఏ మీటకు తగిలెనో చూడలేదు. అలవాటు చొప్పున పెద్ద జెడ్‌ను రెండుమాఱులు నొక్కి లేచిపోయితిమి. మేము దిద్దదలచినది యేమియు లేదు. కాని ఫైలు దిద్దబడినది. ఒక బాలిక పుట్టినతేదీలో 17 అని యున్నది 7 అయినది.

ఆ తప్పు తప్పువలె కనబడలేదు. 17కు బదులు 71 అని పడియుండినచో చూచినవాడెల్ల ఉలికిపడును. 7 అనునదియు మంచి తేదీయే. ఆ పట్టికలో ఒంటి యంకె తేదీలు ముందు సున్న లేకయే వ్రాయబడియుండుటచే ఆ పంక్తి తక్కిన పంక్తులలో కలిసిపోయెను. అచ్చు తీసి తల్లిదండ్రుల యెదుట పెట్టితిమి. ఆ బాలిక జ్వరముతో నాడు బడికి రాలేదు. ఇటుకబట్టీలో పనిచేయు ఆమె తండ్రి వచ్చి, కాగితమును చేతబట్టి, చూపవలసిన మర్యాదయంతయు దానికి చూపి, వ్రేలిముద్ర వేసి పోయెను.

పదవ తరగతి ధ్రువపత్రములోని పుట్టినతేదీ మన దేశమున ఎంతటిదో తల్లిదండ్రులకు చెప్పనక్కఱలేదు. కాలేజీలో చేరుటకు అదియే, ఉద్యోగమునకు అదియే. ధ్రువపత్రము చేతికి వచ్చినప్పుడు ఆధారు కార్డులో 17, ఇందులో 7. దానిని సరిచేయుటకు దరఖాస్తులు, ప్రమాణపత్రములు, పట్నమునకు ప్రయాణములు. ప్రతి ప్రయాణమును ఆయనకు ఒకనాటి కూలి. ప్రయాణపు ఖర్చు మేము పెట్టుకొంటిమి గాని పోయిన దినములను ఎవరు పెట్టగలరు? ఆయన మమ్మొక్క పరుషవాక్యము పలుకలేదు. "మీరు వ్రాసినది సరిగానే యుండునని వ్రేలు వేసితినండీ" అని మాత్రమనెను. ప్రవేశపు రిజిస్టరులో సిరాతో వ్రాసిన 17 చెక్కుచెదరక యుండెను. వారము ముందటి ఫైలు నకలు మా పెన్‌డ్రైవులో నొకటి దొరకెను. రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూడగా తేడా ఒక్క యంకె.

అప్పటినుండి మాకు ఒక సంగతి పట్టుపడినది. చదువుటకు ఒక సాధనమును, దిద్దుటకు వేఱొక సాధనమును చేతిలో నుంచుకొనవలెను. పూర్వము గ్రామకరణము రైతునకు లెక్క చూపునుగాని కలము చేతికీయడు, చూచుకొని పొమ్మనును. కరణమును గుఱించి పెద్దలు చెప్పు తక్కిన మాటలు ఎట్లున్నను, ఈ యొక్క విషయమున ఆయనది బుద్ధిగల పద్ధతి.

ఇది ఫైలుల భద్రతకు మాత్రమే సంబంధించిన మాట యైనచో ఇంత వ్రాయము. ఉపాధ్యాయులు తమ యనుభవమును ఒక్కసారి తలచుకొనవలెనని కోరుచున్నాము. ఎఱ్ఱసిరా కలము మూత తీసి చేతబట్టుకొని పిల్లవాని వ్యాసమును చదువ మొదలిడినచో మనకు వ్యాసము కనబడదు, తప్పులే కనబడును. మూడవ పంక్తిలోని దీర్ఘము దిద్దుచుండగా అయిదవ పంక్తిలో ఆ పిల్లవాడు చెప్పిన మంచి మాట దాటిపోవును. అందుచేత మొదటిసారి కలము మూతపెట్టి చదువుడని శిక్షణ కళాశాలలో మా గురువుగారొకరు చెప్పెడివారు. కంప్యూటరు ముందు కూర్చున్న పిల్లలును అంతే. వ్రాయుటకు వీలున్న కిటికీలో ఫైలును తెఱచి యిచ్చినచో, వారు చదువకయే చేయి పెట్టుదురు. నడువని ప్రోగ్రామొకటి యిచ్చి "తప్పెక్కడనో కనుగొనుడు" అని చెప్పినచో, మొదటి పంక్తి చదివి నాలుగవ పంక్తి మార్చుదురు. నడువనిచో ఆఱవ పంక్తి మార్చుదురు. పావుగంటకు మొదటి తప్పు అక్కడనే యుండి దానికి తోడు మఱి మూడు పుట్టును. అదే ప్రోగ్రామును లెస్‌లో చూపినచో చేయునది లేక చదువుదురు. చదివినపిమ్మట సగముమంది తప్పు స్థలమును నోటితో చెప్పుదురు. ఇది మేము రెండు తరగతులలో చూచినది; ఇంతకుమించిన రుజువు మాయొద్ద లేదు గాని, మాకిది చాలును.

లెస్‌లో మాకు మిక్కిలి నచ్చినది దాని వెదకులాట. స్లాష్ అను వాలుగీత మీట నొక్కి, కావలసిన మాట వ్రాసి, ఎంటరు నొక్కినచో ఆ మాట యున్న తావునకు తీసికొనిపోవును. ఎన్ నొక్కిన తరువాతి తావు. పెద్ద ఎన్ నొక్కిన వెనుకటి తావు. వాలుగీతకు బదులు ప్రశ్నార్థకము వాడినచో క్రిందినుండి పైకి వెదకును. ఇంగ్లీషు మాటలు వెదకునప్పుడు పెద్దబడి చిన్నబడి యక్షరముల భేదము చూచుకొనవలెను. ఆ భేదము వలదన్నచో ప్రారంభమున అడ్డుగీతయు చిన్న ఐయు చేర్చవలెను. మన తెలుగునకు ఆ బాధ లేదు. పెద్ద ఎన్‌ను అడ్డుగీతతో కూడ చేర్చినచో ప్రతి పంక్తికిని సంఖ్య కనబడును. "412వ పంక్తి చూడుడు" అని మేము చెప్పగానే పిల్లలు 412 అని కొట్టి చిన్న జి నొక్కుదురు. నలువదిమందియు ఒక్కమాఱుగా ఒకే పంక్తియొద్దనుందురు. పాఠ్యపుస్తకముతో పుట తీయించుటకు ఇంతకంటె నెక్కువసేపు పట్టును.

నెమలి యీక సంగతి కూడ చెప్పవలెను. మన చిన్ననాట పుస్తకములో ఈక పెట్టుకొని, అది పిల్లలు పెట్టునని నమ్మి, అదే పుటను పదిమాఱులు తెఱచి చూచెడివారము. లెస్‌లోను అట్టి గుఱుతు కలదు. ఎమ్ నొక్కి దాని వెంట ఏదైన నొక అక్షరము, ఏ అనుకొందము, నొక్కినచో ఆ తావునకు ఏ అను గుఱుతు పడును. ఎంత దూరము పోయినను, ఒంటికొట్టు మీటయు ఏ మీటయు నొక్కిన మరల అక్కడికే వత్తుము. గుఱుతు ఫైలులో పడదు. చదువువాని యొద్దనే యుండును. పిల్లలకిది మిక్కిలి యిష్టము. పిల్లలు పెట్టదని మాత్రము చెప్పితిమి.

గత నవంబరులో కంప్యూటరు గదిలోని పెద్ద యంత్రము పని మానుకొనెను. ఎవ్వరి ఫైలును భద్రము కాకుండెను. అట్టి యంత్రములు తమకు జరిగినదంతయు ఒక దినచర్యగా వ్రాసికొనుచుండును. దానిని లాగు అందురు. ఆ దినచర్య అప్పటికి తొమ్మిది లక్షల పంక్తులు దాటియుండెను. మొదట ఒక విద్యార్థి దానిని ఉత్తరములు వ్రాయు ప్రోగ్రాములో తెఱువబోయెను. ఆ ప్రోగ్రాము ఫైలునంతయు మ్రింగ జూచి గొంతుపట్టి నిలిచిపోయెను. లెస్‌తో తెఱచినచో క్షణములో తెఱచుకొనెను. కారణము సామాన్యమే. లెస్ ఫైలునంతయు చదివినగాని చూపననదు. తెరకు కావలసినంత తెచ్చుకొని చూపును, ముందుకు పోయినకొలది తెచ్చుకొనుచుండును. అంతయు వండి వడ్డించువారు వేఱు, అడిగినంత వడ్డించువారు వేఱు. చివరి పంక్తికి పొమ్మన్నప్పుడు మాత్రము పంక్తుల లెక్క కట్టుచున్నానని చెప్పి కొంచెము జాగుచేయును. అప్పుడు తొందరపడి ప్లగ్గు లాగరాదు. పిల్లలు పెద్ద జి నొక్కి చివరకు పోయి, ప్రశ్నార్థకముతో పైకి వెదకుచు రాగా, యంత్రములో చోటు మిగులలేదను మాట మొదట ఎప్పుడు పడినదో దొరకెను. ఎవరో సినిమాలు తెచ్చి నింపిరి. ఎవరని మేమడుగలేదు, ఆఱుగురు తలలు వంచుకొనిరి. సాయంకాలమునకు యంత్రములో చోటు కలిగినది. అటుపిమ్మట పెద్ద ఎఫ్ నొక్కి, ఆ దినచర్యలో క్రొత్త పంక్తులు ఒకదాని క్రింద నొకటి వచ్చి పడుచుండుటను వారు చాలసేపు చూచుచు కూర్చుండిరి. చేపకు గాలము వేసినవారివలె కనబడిరి.

తెలుగు సంగతి వేఱుగా చెప్పదగినది. మన విద్యార్థులు ఈ సంచికకు వ్రాసిన వ్యాసములను సాదా ఫైలుగా కూర్చి తరగతిలో తెఱచితిమి. ఒక యంత్రములో చక్కని తెలుగు కనబడెను. ప్రక్క యంత్రములో ప్రతి యక్షరమునకు బదులు కోణపు గుఱుతుల నడుమ ఇంగ్లీషు అక్షరములు, అంకెలు కనబడెను. ఫైలు చెడిపోయినదని పిల్లలు భయపడిరి. ఫైలు చెడలేదు. యూనికోడు 1991లో వెలువడిన తొలి కూర్పునందే తెలుగునకు చోటిచ్చినది. యూటీఎఫ్-8 అను పద్ధతిలో మన యక్షర మొక్కొక్కటి మూడేసి బైట్లుగా నిలువ చేయబడును. త అను నక్షరము ఈ0, బీ0, ఏ4 అను మూడు ముక్కలు. యంత్రమునకు ఆ పద్ధతి తెలియజేయనిచో లెస్ ఆ ముక్కలను ముక్కలుగానే చూపును. తనకు తెలియనిదానిని తెలిసినట్లు నటింపక, ఉన్నది ఉన్నట్లు చూపుట మాకు దోషముగా తోచలేదు. లెస్ అక్షరసమితి యూటీఎఫ్-8 అని అమరికలో చెప్పగానే తెలుగు తిరిగి వచ్చెను.

ఇంకొక వింత. "రామ" అని వెదకుడనగా "రాముడు" కూడ దొరకెను. "రామలో కొమ్ము లేదు గదండీ?" అని ఒక బాలిక యడిగెను. ఆ ప్రశ్నకు సంతోషించి ఆ గంటయంతయు దానికే యిచ్చితిమి. కంప్యూటరు దృష్టిలో "ము" అనునది ఒక యక్షరము కాదు. మ యొకటి, దాని వెంట కొమ్ము వేఱొకటి. కావున "రాము" అనుదానిలో "రామ" ఇమిడియే యున్నది. గుణింతము నేర్పునప్పుడు మనము నోటితో విడదీసి చెప్పునదే యంత్రము నిలువచేసికొన్నది. ఒత్తులును, సంయుక్తాక్షరములును టెర్మినలులో తఱచుగా చెదరి కనబడుచున్నవని మాత్రము ఒప్పుకొనవలెను. అక్షరమునకొక సమానమైన గడి అను ఇంగ్లీషు టైపు కొలత మన లిపికి సరిపడదు. ఈ లోపము తీర్చు పని మన బిడ్డలలో నెవరైన చేయుదురని మా యాశ.

మా సహోపాధ్యాయులలో సైన్సు బోధించువారు ఒక యాక్షేపణ తెచ్చిరి. "ఫైలు మాఱకుండ తాళము వేసినచో సరి గదా? వ్రాయు హక్కు తీసివేయుడు. ఎవరు దేనితో తెఱచిన నేమి?" మంచి మాట. తాళము వేసితిమి కూడ. కాని తాళము ఆ యొక్క ఫైలును కాపాడును, చేతి యలవాటును మార్చదు. రేపు ఈ పిల్లలు ఆస్పత్రిలోనో బ్యాంకులోనో తాళము లేని ఫైలు ముందు కూర్చుందురు. ఒకరి మందు మోతాదో, ఒకరి ఖాతా సంఖ్యయో చూడవలసివచ్చినప్పుడు వారి చేయి మొదట దేనివైపు పోవునన్నదే మా చింత.

మినహాయింపు చెప్పెదమంటిమి. లెస్‌లో చదువుచుండగా వీ నొక్కినచో అదే ఫైలు దిద్దుబాటు ప్రోగ్రాములో తెఱచుకొనును. ఆశ్చర్యార్థకము నొక్కి వేఱు ఆజ్ఞలను నడిపింపవచ్చును. ఇవి తెలిసినవారికి సౌకర్యములే. తెలియనివారికి గోడలో తలుపులవంటివి. లెస్‌సెక్యూర్ అను అమరికకు 1 అను విలువ నిచ్చినచో ఆ తలుపులు మూతపడును. మన గదిలో మూసియుంచితిమి. ఇది చెప్పకుండ "లెస్ చూచుట తప్ప మఱేమియు చేయనేరదు" అని పిల్లలకు బోధించినచో అది అబద్ధమగును. తొలిసంవత్సరమున మేమట్లే బోధించితిమి. ఒకడు వీ నొక్కి మమ్ము దిద్దెను.

బయటికి వచ్చుట తెలియక కష్టపడినవారును కలరు. తెర క్రింద రెండు చుక్కలు నిలిచియుండును. చివరకు వచ్చినచో ముగిసినదని ఇంగ్లీషున చూపును. ఎంటరు నొక్కినను, ఎస్కేపు నొక్కినను పోదు. ఎనిమిదవ తరగతి బాలుడొకడు ఎవరిని అడుగుటకును సిగ్గుపడి, గంట మ్రోగువఱకు అట్లే కూర్చుండి, ఆ పిమ్మట యంత్రము ప్లగ్గునే లాగివేసెను. ఆ నేరము వానిది కాదు, క్యూ మీటను చివర చెప్పిన మాది. ఇప్పుడు మొదటి దినమున మొదట క్యూ చెప్పి, ఆ తరువాత హెచ్ చెప్పుచున్నాము; హెచ్ నొక్కినచో మీటలన్నిటి పట్టిక కనబడును. తక్కినది వారే చదువుకొనగలరు.

"ఇది యుద్యోగమునకు పనికివచ్చునా?" అని అడుగు తల్లిదండ్రులకు ఒక్కమాట. యంత్రములను నడిపించు పనివారు నిత్యము వాడు సాధనములలో లెస్ యొకటి; లినక్సులో ఏ యాజ్ఞ యొక్క వివరణ పుటను తెఱచినను సాధారణముగా దానిని చూపునది లెస్సే. కాని మేమిది యుద్యోగముకొఱకు నేర్పుట లేదు. ఆఱు వారములు చదివిన పిమ్మట వ్రాతయు నేర్పుచున్నాము. మీ పిల్లలు వెనుకబడరు.

ఆ బాలిక ధ్రువపత్రము అయిదు నెలలకు సరియై వచ్చెను. ఆమె ఇప్పుడు నర్సింగు చదువుచున్నది. ఆమె తండ్రి మాకు కనబడినప్పుడెల్ల ముందుగా తానే నమస్కరించును. మాకు ఆ నమస్కారము నందుకొనుట నేటికిని కష్టముగానే యున్నది.

ఈ సంవత్సరము పదవ తరగతి పట్టిక సిద్ధమైనది. పంపుటకు ముందు వచ్చు రెండు శనివారములు మధ్యాహ్నము రెండు గంటలు మొదలు అయిదు వఱకు కంప్యూటరు గది తెఱచియుండును. తల్లిదండ్రులు రావలెనని వేడుచున్నాము. ఆంపర్‌సాండు గుఱుతు నొక్కి పేరు వ్రాసినచో ఆ పేరున్న పంక్తి మాత్రమే తెరమీద నిలుచును; ఒకరి వివరములు ఒకరికి కనబడవు. ప్రవేశపు రిజిస్టరును ప్రక్కన తెఱచి యుంచెదము. చదువనేరనివారికి తొమ్మిదవ తరగతి పిల్లలు పేరును, తేదీని అంకె అంకెగా చదివి వినిపింతురు. రెండును సరిపోయినవని విన్న పిమ్మటనే సంతకమో వ్రేలిముద్రయో వేయవలెను. సమావేశములో మమ్మడిగిన పెద్దమనిషి మొదటి శనివారమే వచ్చెదనని కబురంపెను. ఆయన పంక్తిని ఆయన కుమారునిచేతనే తెఱపించెదము.